నాగబంధాన్ని నాలుగు లైన్లు చేసి పారేశారు

ఒడిశా బరంపురంలో మన తెలుగువాళ్లు వేసిన ఉగాది సంచిక ఈ మధ్యాహ్నం చేతికొచ్చింది. అప్పటినుంచి ఒళ్లు మండిపోతోంది. మా పెదనాన్న రాసిన నాగబంధంలో, అంటే పాము బొమ్మ మెలికల్లో అక్షరాలు కూర్చిన పద్యంలో, ఆ బొమ్మ తీసేసి, పద్యాన్ని మామూలుగా నాలుగు లైన్లు చేసి అచ్చేశారు. ఏ అక్షరం ఏ మెలికలో కూర్చోవాలో గళ్లు గీసి మరీ ఇచ్చాను. ఫోన్ చేస్తే కమిటీ పెద్దాయన అన్న మాట ఇది: "బొమ్మకి ఒక పేజీ దండగ కదమ్మా. పద్యం మొత్తం వేశాం, ఒక్క అక్షరం కూడా పోలేదు."

పద్యమే పోయింది బాబూ! నాగబంధంలో పాము ఒంటిమీద ఒంటినే మెలేసుకుంటుంది. ఆ మెలికలు దాటుకునే చోట ఒకే అక్షరం రెండుసార్లు పనిచెయ్యాలి. కిందికి దిగేటప్పుడు ఒక మాటలో ఉంటుంది, మళ్లీ పైకొచ్చేటప్పుడు ఇంకో మాటలో ఉంటుంది. ఛందస్సు తప్పకూడదు, అర్థం చెడకూడదు. ఆ అక్షరం అక్కడ కుదరడానికే కవి రాత్రిళ్లు కూర్చుంటాడు. బొమ్మ తీసేస్తే ఏం మిగులుతుంది? ఎందుకు తిరిగి తిరిగి వస్తున్నాయో తెలియని అక్షరాలు, ఎందుకు వాడాడో తెలియని వింత మాటలు. చదివినవాడు "ఈయనకి పద్యం సాఫీగా రాయడం రాదు" అనుకుంటాడు. ముగ్గు చెరిపేసి చుక్కల లెక్క మాత్రం అచ్చేసినట్టుంది. చనిపోయిన మనిషి పేరు పద్యం కింద పెట్టి, ఆయనకి చెయ్యగలిగిన అవమానం అంతా చేశారు.

పక్క పేజీ చూడండి. పేజీ నిండా రంగుల్లో కాఫీ కప్పు ఆకారంలో ఒక వచన కవిత! లైన్లు పొడుగూ పొట్టీ చేసి కప్పులా పేర్చారు. రాసిన అమ్మాయి మీద నాకు కోపం లేదు, బాగానే రాసింది. కోపం ఆ కవిత పైన సంపాదకులు పెట్టిన పరిచయం మీద. మాటలతో బొమ్మ కట్టే పని ఫ్రాన్స్‌లో అపోలినేర్ మొదలుపెట్టాడట, మనకి ఇది కొత్త ప్రయోగమట. అపోలినేర్ బొమ్మల కవితల పుస్తకం అచ్చయింది 1918లో. ఇంగ్లీషులోనే జార్జ్ హెర్బర్ట్ రెక్కల ఆకారంలో పేర్చిన పద్యం 1633లో అచ్చయింది. మన సంగతి అంతకన్నా పాతది. సంస్కృతంలో భారవి కిరాతార్జునీయం పదిహేనో సర్గ తీసి చూడండి, గోమూత్రిక, సర్వతోభద్రం అనే బంధాలు రెండూ అక్కడే ఉన్నాయి. సర్వతోభద్రం అంటే ఎనిమిది గళ్లు అడ్డం, ఎనిమిది గళ్లు నిలువు, ఎటునుంచి చదివినా అదే శ్లోకం. మాఘుడైతే శిశుపాలవధలో చక్రబంధం కట్టి, ఆ చక్రం వలయాల్లో తన పేరూ కావ్యం పేరూ దాచుకున్నాడు. తెలుగులో నన్నెచోడుడు కుమారసంభవంలోనే బంధాలు కట్టాడు. ఉగాది సంచిక వేసేవాళ్లకి నన్నెచోడుడు తెలియకపోతే ఎలాగండీ?

ఇంకొకాయన ఫోన్ లాక్కుని, "మమ్మటుడే చిత్రకావ్యాన్ని అధమం అన్నాడమ్మా" అన్నారు. సంస్కృతంలో కావ్యశాస్త్రం రాసిన మమ్మటుడు, బంధాల్లాంటి ఈ చిత్రకావ్యాన్ని అట్టడుగు రకం అన్నాడు, నిజమే. మరి ఆ మమ్మటుడే తన గ్రంథంలో ఖడ్గబంధం, పద్మబంధం ఎలా ఉంటాయో ఉదాహరణలిచ్చి చూపించాడు కదా? అధమం అన్నాయనే దానికి అంత చోటు ఇచ్చాడు. మీరు ఒక్క పేజీ ఇవ్వలేకపోయారు.

డీటీపీ అబ్బాయి ఒక్కడే నిజం చెప్పాడు. "గళ్లలో పెడితే ఒత్తులు విడిపోతున్నాయి ఆంటీ" అన్నాడు. అది నిజమైన కష్టం. 'స్త్రీ' మనకి ఒక్క అక్షరం, బంధంలో ఒకే గడి. కంప్యూటరు లోపల అది ఆరు ముక్కలు. గడికో అక్షరం చేత్తో పెట్టాల్సిందే. పెట్టడం కుదరకపోతే నేను గీసిన కాగితాన్ని స్కాన్ చేసి వేసుంటే సరిపోయేది. అడగనే లేదు.

అసలు మనం ఉన్నది ఎక్కడ? గంజాం జిల్లాలో! ఒడియా కవి ఉపేంద్ర భంజుడి జిల్లాలో! ఆయన బంధాలకోసమే చిత్రకావ్య బంధోదయం అని ఒక కావ్యం రాశాడు. తాటాకు మీద గంటంతో బొమ్మ గీసి, ఆ బొమ్మలోనే అక్షరాలు చెక్కిన ప్రతులు ఉన్నాయి. ఒడియావాళ్లు ఆయన పేరు మీద ఊరినే భంజనగర్ చేసుకున్నారు, బరంపురం యూనివర్సిటీ ఆవరణని భంజ విహార్ అన్నారు. మన పిల్లలు రోజూ ఆ గేటులోంచి వెళ్లి డిగ్రీలు తెచ్చుకుంటున్నారు. ఆ భంజుడు ఎవరో, ఏం రాశాడో మన కమిటీలో ఒక్కరూ అడగలేదు. పొరుగింటి కవిని ఎరగరు, సొంత కవిని ఎరగరు, ఫ్రాన్స్ మాత్రం తెలుసు.

అవునుగానీ, ఈ కోపం ఒక్క పద్యం గురించే కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పటినుంచి బరంపురం, పర్లాకిమిడి, రాయగడ తెలుగువాళ్లం ఇటువాళ్లకి ఆంధ్రావాళ్లం, అటువాళ్లకి ఒరియావాళ్లం. సభ పెట్టిన ప్రతిసారీ విశాఖ నుంచో హైదరాబాద్ నుంచో ఒకర్ని పిలిచి శాలువా కప్పుతాం. ఆయన స్టేజి ఎక్కి "మీ తెలుగులో ఒరియా యాస ఉంది, కానీ ముద్దుగా ఉంది" అంటాడు. మనం చప్పట్లు కొడతాం! ఎందుకు కొడతాం? వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు బడిపంతులుగా పనిచేసింది మన పర్లాకిమిడిలో. ఆ ఊళ్లో మాట్లాడే తెలుగుకి ఎవరో వచ్చి మార్కులు వెయ్యాలా? మన వీధి తెలుగు బళ్లలో టీచర్లు రిటైరైతే ఆ కుర్చీ ఖాళీగానే ఉంటుంది. దాని గురించి ఒక్క అర్జీ పెట్టరు. కమిటీలో ఉన్నవాళ్ల పిల్లలు, మనవలు ఒక్కరూ ఆ బళ్లలో లేరు కాబట్టి వాళ్లకి టెన్షన్ లేదు. తెలుగు వాళ్లకి ఏడాదికో సంచిక, ఒక శాలువా, పులిహోర.

పెదనాన్న ఉద్యోగం చేసింది ఒడియా ఆఫీసులో. రోజంతా ఒడియాలో ఫైళ్లు రాసి, ఇంటికొచ్చి తెలుగులో బంధాలు కట్టేవారు. ఎవరూ అడగలేదు, ఎవరూ డబ్బివ్వలేదు. ఆ నోటుబుక్కుల్లో చక్రబంధాలున్నాయి, ఒక రథబంధం ఉంది.

కమిటీ పెద్దలు ఈ పోస్టు చూస్తారని తెలుసు. నాగబంధాన్ని బొమ్మతో సహా మళ్లీ అచ్చేసి, కొన్న ప్రతివాళ్లకీ ఆ కాగితం అందించండి. ఖర్చు నేను పెట్టుకుంటాను. అంతవరకూ ఆ నోటుబుక్కుల్లోంచి ఒక్క పేజీ మీకు ఇవ్వను. రేపటినుంచి ఫోటోలు తీసి ఇక్కడే పెడతాను. ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిరగాలో తెలియకపోతే కింద అడగండి, గడి గడీ చెబుతాను.