ఊట్‌రీక్ అనే మాట ఎక్కడికి పోయింది

మా పక్కింటి పెద్దావిడకి 78 ఏళ్లు. నేను స్కాట్లాండ్‌లోని డన్ఫర్మ్‌లిన్‌కి వచ్చిన ఈ ఆరేళ్లలో ఆవిడ నాకు మందుల షాపు దగ్గర నుంచి చెత్త బండి వచ్చే వారం దాకా అన్నీ చెప్పి పెట్టింది. కిరాణా సరుకులకి వెళ్తే "మెసేజెస్‌కి వెళ్తున్నా" అంటుంది. చిన్నది అనడానికి "వీ", తెలుసు అనడానికి "కెన్". నాకు ఆ మాటలు వినడం చాలా ఇష్టం. కానీ నాలుగు వాక్యాలు మాట్లాడగానే ఆగిపోతుంది. "సారీ, నాది సరైన ఇంగ్లిష్ కాదు" అంటుంది. ఆ మాట విన్న ప్రతిసారీ నా మనసు చివుక్కుమంటుంది. అది తప్పు ఇంగ్లిష్ కాదు, స్కాట్స్ అనే వేరే భాష. (గేలిక్‌తో కలపకండి, అది దీనికి సంబంధం లేని ఇంకో భాష.) ఆ భాష పోగొట్టుకున్న ఒక మాట గురించిన ఈ పోస్టు ఆవిడ కోసమే రాస్తున్నాను.

పోయిన నెల మా తమ్ముడి కూతురు గ్లాస్గోలో చదువుకోవడానికి వచ్చింది. బయల్దేరే ముందు రోజు రాత్రి ఇంట్లో సర్దుడంతా వీడియో కాల్‌లో చూశాను. సూట్‌కేసుకి 23 కిలోలు దాటకూడదు. కొక్కెం కాటాకి తగిలించి ఎత్తితే 24.6 చూపించింది. అమ్మ కందిపొడి ప్యాకెట్టు తీసి పక్కన పెట్టింది, మళ్లీ లోపల పెట్టింది, చివరికి రెండు పుస్తకాలు తీసేయించింది. గోంగూర పచ్చడి సీసా మూతకి టేపు చుట్టి, దాన్ని రెండు కవర్లలో వేసి, ఆపైన పాత టవల్ చుట్టింది. తమ్ముడు టెన్షన్‌తో పాస్‌పోర్టు నాలుగుసార్లు చూసుకున్నాడు. "చాల్లేమ్మా, అక్కడ అన్నీ దొరుకుతాయి" అని నేనంటే, "దారిబత్తెం లేకుండా పిల్లని ఎలా పంపుతామే" అంది అమ్మ.

ఈ పని మొత్తానికి ఇక్కడి వాళ్లకి ఏదైనా మాట ఉందా అని ఆ రాత్రి పాత స్కాట్స్ నిఘంటువులో వెతికాను. దొరికింది. ఊట్‌రీక్.

ఓడను ప్రయాణానికి సిద్ధం చేసి పంపడం ఊట్‌రీక్. సైనికుడికి కావాల్సినవన్నీ సమకూర్చి పంపడం కూడా ఊట్‌రీకే. దూరం వెళ్లే మనిషికి దారికి సరిపడా కూర్చి పెట్టడానికీ అదే మాట. ఒక్కసారి ఓడను ఊహించుకోండి. తెరచాపలు, తాళ్లు, లంగరు, మంచినీళ్ల పీపాలు, నెలల తరబడి పాడవకుండా ఉండే గట్టి రొట్టెలు, ఉప్పు మాంసం, ఫిరంగులు, మందుగుండు, వాటి వెంట వెళ్లే మనుషులు. ఇదంతా ఒక్క మాటలో చెప్పేశారు. ఇంగ్లిష్ వాళ్ల "ఔట్"ని స్కాట్స్‌లో "ఊట్" అంటారు. అంటే బయటికి పంపడం మాటలోనే ఉంది. మనకి సన్నాహం ఉంది, సరంజామా ఉంది, ఆయత్తం ఉంది. కానీ వీటిలో సిద్ధం కావడమే తప్ప గుమ్మం దాటించడం లేదు. అమ్మ ఆ రాత్రి చేసిన పనికి సరిగ్గా అతికే మాట నాకు వేరే దేశపు నిఘంటువులో కనపడింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఇది పాటల మాటో జోకుల మాటో కాదు. లెక్కలు రాసేవాళ్ల మాట. 1640ల్లో స్కాట్లాండ్‌లో జిల్లా జిల్లాకి యుద్ధ కమిటీలు ఉండేవి. ఎవరి భూమి విలువ ఎంత, దాన్ని బట్టి ఎవరు ఎంతమందిని ఇవ్వాలి, గుర్రం ఎవరిది, జీను ఎవరిది, పిస్తోళ్లు ఎవరు కొనాలి అన్నది కూర్చుని తేల్చేవాళ్లు. ఇలాంటి మాటలు పుట్టి పెరిగేది అలాంటి గదుల్లోనే. 15వ శతాబ్దం నుంచి వీళ్ల పార్లమెంటు చట్టాలు రాసుకున్నది స్కాట్స్‌లో. నేనుండే ఫైఫ్ ప్రాంతపు అడవులన్నీ కొట్టి కట్టారని చెప్పుకునే గ్రేట్ మైకేల్ ఓడ 1511లో న్యూహేవెన్‌లో నీళ్లలోకి దిగింది. అంత ఓడను కట్టి, వెయ్యి మంది సైనికుల్ని ఎక్కించగల రాజ్యం తన పనిని తన భాషలోనే నడుపుకుంది. అలాంటి భాషని "స్లాంగ్" అంటే నాకు ఒళ్లు మండుతుంది.

మరి ఈ మాట ఎలా పోయింది? జనానికి నచ్చక పోలేదు. దాని ఉద్యోగం పోయింది.

1603లో వీళ్ల రాజు లండన్ వెళ్లి ఇంగ్లండ్‌కీ రాజయ్యాడు. దర్బారు ఆయన వెంటే వెళ్లింది. రాత మెల్లగా ఇంగ్లిష్ వైపు జరిగింది. తర్వాత 1698 జూలైలో లీత్ రేవు నుంచి అయిదు ఓడలు బయల్దేరాయి: సెయింట్ ఆండ్రూ, కాలిడోనియా, యూనికార్న్, డాల్ఫిన్, ఎండెవర్. పనామా భూసంధిలోని డేరియన్‌లో వలస పెట్టాలని దాదాపు 1,200 మంది వెళ్లారు. దీని కోసం దేశంలో జనం 4 లక్షల పౌండ్లకి చందా రాశారు. ఎండా వానా ఆగని ఆ ఉష్ణ ప్రాంతానికి ఉన్ని బట్టలు, విగ్గులు, దువ్వెనలు, బైబిళ్లు కూడా మోసుకెళ్లారు. ఆ సరుకుల పేర్లు మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. ఎక్కడికి పంపుతున్నారో సరిగ్గా తెలియకుండా, ఉన్నదంతా ఊడ్చి పెట్టి పంపారు. రెండు విడతల్లో వెళ్లినవాళ్లలో సుమారు 2,000 మంది చనిపోయారు. 1700 నాటికి అంతా ముగిసిపోయింది.

ఆ దెబ్బతో దేశం చేతిలో డబ్బు లేదు. 1707లో రెండు రాజ్యాలూ ఒకటి కావడానికి అది కూడా ఒక కారణం. విలీనం ఒప్పందంలో లండన్ 3,98,085 పౌండ్ల 10 షిల్లింగులు ఇచ్చింది. అందులో కొంత, ఆ వలసని నడిపిన డేరియన్ కంపెనీ వాటాదారుల నష్టం పూడ్చడానికే. ఎడిన్‌బరాలో పార్లమెంటు మూతపడింది. వీళ్ల నౌకాదళం ఇంగ్లిష్ నౌకాదళంలో కలిసిపోయింది. ఓడని ఎప్పుడు పంపాలి, సైన్యానికి ఏం ఇవ్వాలి అని రాసే బల్ల లండన్‌కి వెళ్లిపోయాక, ఊట్‌రీక్ అని రాయాల్సిన కాగితం ఇక్కడ ఏముంది? తమ ఆఖరి పెద్ద ప్రయాణానికి అంత ప్రేమగా సర్దుకున్న జనం, దానితోనే ఆ మాటకి ఉన్న చోటునీ పోగొట్టుకున్నారు.

నేను ఊహించి చెప్పడం లేదు. దీనికి రుజువు నా ఈమెయిల్‌లో ఉంది. ఇక్కడికి వచ్చిన మొదటి వారంలోనే ఒక ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. పనివేళలు కాని సమయంలో ఫోన్ చేయాలంటే ఫలానా నంబరు అని రాసి, అందులో "ఔట్‌విత్" అని వాడారు. తప్పు టైపు చేశారనుకున్నాను. కాదు. బయట, వెలుపల అనడానికి అది స్కాట్లాండ్ మాట. ఇక్కడి కౌన్సిళ్లు, యూనివర్సిటీలు, లాయర్లు ఇవాళ్టికీ రోజూ రాస్తారు. గడువులోగా అనడానికి "టైమస్‌లీ" అని కూడా రాస్తారు. ఇవెందుకు బతికాయి? 1707 ఒప్పందంలో స్కాట్లాండ్ తన చట్టాన్నీ కోర్టుల్నీ విడిగా ఉంచుకుంది. ఆ కాగితాల మీద మాటలు నిలిచాయి. ఓడలూ సైన్యం నిలవలేదు, వాటి మాట కూడా నిలవలేదు.

ఆ తర్వాత వచ్చినది సిగ్గు. డేవిడ్ హ్యూమ్ అంతటి స్కాట్లాండ్ తత్వవేత్తే 1752లో, రాతలో రాకూడని స్కాట్స్ పలుకుబళ్లని జాబితా వేశాడు. తర్వాత బడుల్లో ఈ మాటలు పలికితే పిల్లల్ని కొట్టేవాళ్లు. ముందు భాష నుంచి ఆఫీసుని లాగేసుకున్నారు. ఆ తర్వాత "నీ భాషలో ఆఫీసు మాటలు లేవు, కాబట్టి అది భాషే కాదు" అన్నారు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. పక్కింటి పెద్దావిడ చెప్పే "సారీ" వెనక ఇంత కథ ఉంది.

2022 జనాభా లెక్కల్లో 15 లక్షల మంది స్కాట్స్ మాట్లాడతామని రాశారు. మళ్లీ ఏర్పడిన ఇక్కడి పార్లమెంటు 2025లో చేసిన చట్టంతో గేలిక్‌తో పాటు స్కాట్స్‌కీ అధికార హోదా వచ్చింది. సంతోషమే. కానీ హోదా వస్తే సరిపోదని తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు. మనకి అధికార భాషా చట్టం 1966లోనే వచ్చింది. అయినా మనం ఆఫీసుకి అర్జీ పెట్టుకోవాలంటే ముందు ఇంగ్లిష్ ఎవరికి వచ్చో అని వెతుక్కున్న రోజులు నాకు గుర్తున్నాయి. కరెంటు బిల్లు, కోర్టు నోటీసు, ఆస్పత్రి చీటీ, వీటి మీదకి ఎక్కని భాషని ఎంత పొగిడినా లాభం లేదు. స్కాట్లాండ్ కౌన్సిళ్లు స్కాట్స్ పద్యాల పోటీలు పెట్టడం మంచిదే. బస్సు పాసు ఫారం కూడా స్కాట్స్‌లో ఇవ్వాలి.

ఇక్కడ చదువుకుంటున్న మన పిల్లలకి ఒక మాట. షాపులో, బస్సులో ఎవరైనా పెద్దవాళ్లు "సారీ, నా మాట స్లాంగు" అంటే తల ఊపకండి. కాదండీ అనండి. ఆ మాటకి అర్థం అడగండి.

నేను అడిగాను. మొన్న ఆదివారం కందిపొడి కొంచెం గిన్నెలో వేసుకుని వెళ్లి, పెద్దావిడకి ఊట్‌రీక్ గురించి చెప్పాను. ఎప్పుడూ వినలేదంది. రెండుసార్లు పలికి చూసింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, వాళ్ల నాన్న బొగ్గు గనిలో పనిచేసేవాడనీ, గునపం, పార లాంటి తన పనిముట్లని "గ్రేత్" అనేవాడనీ చెప్పింది. పనిముట్లు, గుర్రపు జీను, ప్రయాణపు సరంజామా అన్నిటికీ స్కాట్స్‌లో ఉన్న పాత మాట అది. ఫైఫ్‌లో ఆఖరి పెద్ద గని లాంగానెట్ 2002లో మూతపడింది. ఆ మాట పలికి ఎన్నేళ్లయిందో తనకే గుర్తు లేదంది. ఆయన గ్రేత్ ఉన్న చెక్కపెట్టె మాత్రం ఇంకా వెనక షెడ్డులో ఉందట. వచ్చే ఆదివారం తాళం తీసి చూపిస్తానంది. ఈసారి సారీ చెప్పలేదు.