గూటి ముందు పావుగంటా, గరిటె తిప్పుతూ నామమా?

పొద్దున లేచింది మొదలు ఊపిరి సలపని ఇంట్లో దేవుడికి దగ్గరవ్వాలంటే ఏం చేయాలి? రోజూ ఒక వేళకి దేవుడి గూటి ముందు కూర్చోవాల్సిందే అంటుంది శారద. చేసే పనిలోనే తలచుకుంటే చాలంటుంది ఆమె ఆడపడుచు పద్మ.

శారద: తీరిక దొరికినప్పుడు చేసుకుందాంలే అనుకున్న పూజ ఏ ఇంట్లోనూ జరగదు పద్మా. తీరిక దానంతటది దొరకదు, మనమే చేసుకోవాలి. తెల్లారి స్నానమయ్యాక, పొయ్యి ముట్టించక ముందు ఒక్క పావుగంట చాలు. చోటు మారకూడదు, వేళ మారకూడదు. అలా కొన్నాళ్లు గడిస్తే ఆ వేళకి కాళ్లే అటు నడుస్తాయి.

పద్మ: పావుగంటే కదా అని మీరంటున్నారు వదినా. ఏడున్నరకి స్కూలు బస్సు, ఎనిమిదింటికి ఆఫీసు ప్రయాణం ఉన్న ఇంట్లో ఐదున్నర నుంచి ఏం జరుగుతుందో చూడండి. ఒక పొయ్యి మీద కుక్కరు, ఇంకో పొయ్యి మీద కూర, సర్దాల్సిన డబ్బాలు మూడు. అందులో పూజంటే కుడిచేత్తో హారతి, ఎడమచేత్తో గంట, చెవి మాత్రం కుక్కరు విజిల్ దగ్గర. అష్టోత్తరం ఇరవయ్యో నామం దగ్గర విజిల్ వేస్తే, తిరిగొచ్చాక ఎక్కడ ఆపామో తెలీదు. అది దేవుడి దగ్గర కూర్చోవడం ఎలా అవుతుంది? డబ్బాలు కట్టడం లాంటి ఇంకో పని అవుతుంది. పోతన గారి ప్రహ్లాదుడు "పానీయంబులు ద్రావుచుం గుడుచుచున్ భాషించుచున్" నారాయణుణ్ణి తలిచాడు. తాగుతూ, తింటూ, మాట్లాడుతూ. పీట వేసుకుని కూర్చున్నాడని ఆ పద్యంలో లేదు.

శారద: ఆ పద్యం చివరిదాకా చదువు. అతను ఈ విశ్వాన్నే మరిచిపోయాడని ముగించారు పోతన గారు. మనకి జరిగేది దానికి తలకిందులు. లోకం గుర్తుంటుంది, దేవుడే మరపుకొస్తాడు. పైగా ఆ పిల్లవాడికి ఆ తలపు ఊరికే రాలేదు. తల్లి లీలావతి కడుపులో ఉండగానే నారదుడి మాటలు విన్నాడు. ముందు కుదురుగా వినడం, ఆ తర్వాతే తిరుగుతూ తలచడం.

నేను షోడశోపచారాలు చేయమనడం లేదు. పంచోపచారం చాలు: గంధం, పువ్వు, ధూపం, దీపం, నైవేద్యం. అందులో సగం పని రాత్రే అయిపోవాలి. కుంది తుడిచి, రెండు వత్తులు కలిపి నలిపి అందులో పెట్టుకోవాలి. పంచపాత్ర కడిగి బోర్లించాలి. పొద్దున చెంచాడు నువ్వుల నూనె పోసి, వత్తిని నూనెలో బాగా తడిపి, కొసని బియ్యపు గింజంత మాత్రమే బయటికి లాగాలి. ఎక్కువ లాగితే పొగ, గూడంతా మసి. కుందిలో తడి ఉంటే చిటపటలాడి ఆరిపోతుంది. దీపం ఆరితే మనసులో అపశకునమని గుచ్చుకుంటుంది గానీ, అక్కడ తప్పంతా తడిదే. ఆచమనం, చిన్న సంకల్పం, ఇష్టదైవం ధ్యానశ్లోకం ఒకటి. పెరట్లో నందివర్ధనం ఉంటే రెండు పూలు, లేకపోతే అక్షతలు. నైవేద్యానికి బెల్లం ముక్క. ఇదంతా ఎనిమిది నిమిషాలు దాటదు. మిగిలిన టైములో ఏమీ చదవకుండా, ఏమీ అడగకుండా దీపాన్ని చూస్తూ కూర్చోవాలి. అందరూ వదిలేసేది అదే. చేతులకి పని ఉన్నంతసేపు చేసి, హారతి అవగానే లేచిపోతారు. దగ్గరయ్యేది మాత్రం ఆ ఊరికే కూర్చున్న కాసేపట్లోనే.

పద్మ: మీరు చెప్పినంత చిన్నగా ఎవరు మొదలుపెడతారు? శ్రావణమాసం రాగానే లలితా సహస్రం, విష్ణు సహస్రం, శుక్రవారం కుంకుమార్చన అన్నీ ఒక్కసారే నెత్తికెత్తుకుంటారు. విష్ణు సహస్రం ఒక్కటే తాపీగా చదివితే అరగంట. వినాయకచవితి దాటేసరికి ఒకరోజు తప్పుతుంది, మర్నాడు రెండు రోజులది కలిపి చదవాలనుకుంటారు, మూడోనాడు భయమేసి గూటి వైపు చూడటమే మానేస్తారు. నియమం పెద్దదైన కొద్దీ తప్పినప్పుడు దేవుడు దూరమవుతాడు.

నామానికి ఆ ఇబ్బంది లేదు. అయితే "రోజంతా తలచుకుంటా" అంటే సాయంత్రానికి ఒక్కసారి కూడా గుర్తురాదు, అది ఒప్పుకుంటాను. అందుకే నామాన్ని పనికి ముడి వేయాలి. అన్ని పనులకీ కాదు, చేయి కదులుతూ నోరూ బుర్రా ఖాళీగా ఉండే పనులకి. బియ్యం మూడు నీళ్లు కడిగేటప్పుడు. ఉప్మా రవ్వ వేయించేటప్పుడు. రవ్వకి పొయ్యి దగ్గర ఐదారు నిమిషాలు గరిటె ఆపకుండా తిప్పాలి, తిప్పుకొక నామం. బట్టలు ఆరేసేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు, సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడు. ఈమెయిల్ రాస్తూ, పిల్లలకి లెక్కలు చెబుతూ చేయబోతే రెండూ చెడతాయి. వారానికి ఒక్క ముడి చొప్పున వేసుకోవాలి. మొదటి వారం బియ్యం ఒక్కటే. అది మనం గుర్తు చేసుకోకుండానే వస్తోందంటే రెండోది.

శారద: ముడి మంచి ఉపాయమే. కానీ నెల తిరిగేసరికి ఏమవుతుందో చెప్పు. గరిటె తిరుగుతుంది, పెదవులు కదులుతాయి, మనసు మాత్రం నిన్న ఆఫీసులో పడ్డ మాట దగ్గర ఉంటుంది. పొద్దున్నే ఫోన్లో సుప్రభాతం పెట్టి దాని మీద కేకలేసుకునే ఇళ్లలాగే. మోగడం వేరు, వినడం వేరు. పట్టి ఉంచడానికి లెక్క కావాలి. జపమాలకి 108 పూసలు, మాల కొసలు కలిసే మేరువు పూస దగ్గర ఆగి వెనక్కి తిప్పాలన్న నియమం ఎందుకు పెట్టారు? ఆ ఆగడంలో మనసు ఎక్కడుందో తెలుస్తుంది.

పద్మ: లెక్క అన్నారు కాబట్టి రామకోటి లెక్క చూద్దాం. రోజుకి 108 రాస్తే కోటి పూర్తవడానికి 253 ఏళ్లు పడుతుంది. రోజుకి వెయ్యి రాసినా 10,000 రోజులు, అంటే 27 ఏళ్లు దాటుతుంది. భద్రాచలంలో పుస్తకాలు సమర్పించే వాళ్లలో ఎంతోమంది ఒక కోటి కోసం సగం జీవితం పెట్టినవాళ్లు. వాళ్లంటే నాకు గౌరవం. కానీ ఉద్యోగం, పిల్లలు ఉన్నామె సంఖ్య కోసం రాత్రి పదకొండుకి నిద్రకళ్లతో "శ్రీరామ" గీకుతుంటే, అక్షరాలు చూస్తేనే తెలుస్తుంది మనసు లేదని. మొదటి పేజీలో గుండ్రంగా ఉన్న "రా" ఇరవయ్యో పేజీకి గీత అయిపోతుంది. విష్ణు సహస్రనామంలోనే పార్వతీదేవి అడిగింది కదా, "కేనోపాయేన లఘునా" అని, తేలిక ఉపాయం చెప్పమని. శివుడు రామనామం చెప్పాడు. తీరిక లేనివాళ్ల కోసం ఆ దారి ఆ స్తోత్రంలోనే ఉంది.

శారద: ఉంది. ఆమె ప్రశ్నలోనే "నిత్యం" అన్న మాట కూడా ఉంది. తేలిక చేయమంది గానీ, రోజూ అన్నది వదలలేదు.

పద్మ: సరే, తిరుమల స్థలపురాణంలో కుమ్మరి భీముడి మాట ఏమంటారు? కురువ నంబి అంటారే, ఆయన. కుండల పని వదిలి గుడికి వెళ్లే తీరిక లేదు. సారె దగ్గరే కూర్చుని, చేతికి మిగిలిన మట్టితో పూలు చేసి సమర్పించాడు. తొండమాన్ చక్రవర్తి బంగారు పూలతో పూజ చేసొస్తే మర్నాడు స్వామి దగ్గర మట్టి పూలు కనిపించాయి. నా వాదనకి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

శారద: అది నా సాక్ష్యం పద్మా! ఆయన సారె తిప్పుతూ మనసులో తలచుకుని ఊరుకోలేదు. ఇంట్లో స్వామి ప్రతిమ పెట్టుకున్నాడు. పూలు చేశాడు. రోజూ సమర్పించాడు. చోటు ఉంది, వేళ ఉంది, చేత్తో ఇచ్చే వస్తువు ఉంది. దొరికింది మట్టి కాబట్టి మట్టి.

పద్మ: ...అది నిజమే. మట్టి పూలు చేయడానికి ఆయన పని ఆపాడు, ఎంతసేపైనా కానీ. అయితే వదినా, చోటూ వేళా కుదరని వాళ్లున్నారు. రాత్రి డ్యూటీ నర్సు తెల్లారి తొమ్మిదికి ఇంటికొస్తుంది. గల్ఫ్‌లో ఒక గదిలో ఆరుగురు ఉండే మన వాళ్లకి దీపం వెలిగించే వీలుండదు. నెలలో ఆ నాలుగు రోజులు గూటి దగ్గరికి వెళ్లనివ్వని ఇళ్లున్నాయి. వాళ్లకి ఏం చెబుతారు?

శారద: మానస పూజ. పాతవాళ్లు ఏర్పరచి పెట్టినదే. లం అంటూ భూమిని గంధంగా, హం అంటూ ఆకాశాన్ని పువ్వుగా, యం అంటూ గాలిని ధూపంగా, రం అంటూ అగ్నిని దీపంగా, వం అంటూ అమృతాన్ని నైవేద్యంగా భావించి సమర్పించడం. రెండు నిమిషాలు. మంచం మీద కూర్చుని కళ్లు మూసుకుని చేసుకోవచ్చు. నర్సుకి పొద్దు తొమ్మిదే ప్రాతఃకాలం అనుకోమంటాను. వేళ గడియారంలోది కానక్కర్లేదు, ఆమె రోజు ఎక్కడ మొదలవుతుందో అక్కడ. ఇక తప్పిన రోజు గురించి నువ్వన్న మాట ఒప్పుకుంటాను. తప్పితే మర్నాడు ఆ రోజుదే చేయాలి, నిన్నటి బాకీ కలపకూడదు.

పద్మ: అంత ఒప్పుకున్నారు కాబట్టి ఒకటి అడుగుతా. మీరు చెప్పిన పావుగంటలో వత్తి, కుంది, పువ్వు, బెల్లం అన్నీ ఇల్లాలే చూడాలా? ఒకప్పుడు చాలా ఇళ్లలో నిత్య దేవతార్చన మగవాళ్లదే. ఆడవాళ్లు నైవేద్యం వండి ఇచ్చేవాళ్లు. ఇప్పుడు రెండూ ఆమె మీదే పడ్డాయి, పైన ఉద్యోగం. తీరిక లేకపోవడానికి సగం కారణం అదే.

శారద: అది నేను ఆలోచించలేదు. ఆ పావుగంట ఆమెది అవ్వాలంటే దాని ముందు పని ఆమెది కాకూడదు.

పద్మ: రాత్రి కుంది తుడవడం అన్నయ్యకి. వత్తులు పిల్లలకి. గింజ తీసిన దూది కొంచెం విడదీసి, వేళ్లకి విభూది అద్దుకుని, అరచేతిలో ఒక్క వైపుకే తిప్పాలి. అటూ ఇటూ తిప్పితే పురి విడిపోతుంది. ఆదివారం కూర్చుంటే వారానికి సరిపడా పద్నాలుగు అయిపోతాయి.

శారద: పదహారు చేయించు. చిన్నపిల్లల చేతి వత్తుల్లో రెండన్నా వదులుగా వస్తాయి.