టెక్సాస్‌లో తుపాకీకి పర్మిట్ తీసేశారు, కౌంటర్ వెనకాల నిలబడేది మన పిల్లలు

అమెరికాలో 29 రాష్ట్రాల్లో ఇప్పుడు తుపాకీ నడుముకి పెట్టుకుని రోడ్డు మీద తిరగడానికి ఏ పర్మిట్టూ అక్కర్లేదు. టెక్సాస్ ఆ లిస్టులో చేరింది 2021 సెప్టెంబర్ 1న, అంతకు రెండు నెలల ముందే గవర్నర్ గ్రెగ్ అబ్బాట్ శాన్ ఆంటోనియోలో అలమో కోట ముందు సభ పెట్టి మరీ సంబరం చేసుకున్నారు. తర్వాత జార్జియా, ఫ్లోరిడా, సౌత్ కరోలినా, లూసియానా వరసగా అదే దారి పట్టాయి. తుపాకీ పెట్టుకునే హక్కు గురించి చెప్పే సెకండ్ అమెండ్‌మెంట్ ఏంటి, అది వ్యక్తుల హక్కే అన్న 2008 నాటి హెల్లర్ కేసు ఏంటి, బయట గన్ మోయాలంటే ప్రత్యేక కారణం చూపించాలన్న న్యూయార్క్ వందేళ్ళ నాటి చట్టాన్ని 2022లో సుప్రీంకోర్టు 6-3తో ఎందుకు కొట్టేసింది అన్నవి అందరూ చదివినవే కాబట్టి మళ్ళీ మొదట్నుంచి చెప్పను. నేను చెప్పేది ఒక్కటే, ఈ పర్మిట్ తీసేసిన చట్టాలు తప్పు, వీటి భారం అందరికంటే ఎక్కువ మోస్తున్న వాళ్ళలో మనవాళ్ళున్నారు, అయినా మనం నోరు విప్పట్లేదు.

అసలు టెక్సాస్‌లో పర్మిట్ అంటే ఏముండేది? నాలుగు నుంచి ఆరు గంటల క్లాసు, రేంజ్‌లో 50 రౌండ్లు కాల్చి చూపించే టెస్టు, వేలిముద్రలు, రికార్డుల చెకింగ్, 40 డాలర్ల ఫీజు, అంతే. వీకెండ్‌లో ఒక పూట పని. ఇది కూడా స్వేచ్ఛని హరించడమే అని పర్మిట్ వద్దనేవాళ్ళ వాదన. కానీ ఆ ఒక్క పూటలో జరిగే పని చాలా పెద్దది, ఎందుకంటే టెక్సాస్‌లో లైసెన్స్ ఉన్న షాపులో గన్ కొంటే బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటుంది గానీ ఇద్దరు మామూలు మనుషులు ఎక్కడో పార్కింగ్ లాట్‌లో కలుసుకుని చేతులు మార్చుకుంటే ఏ చెక్కూ లేదు. అలా వచ్చిన గన్‌ని జేబులో వేసుకుని తిరిగేవాడిని ప్రభుత్వం ఒక్కసారైనా చూసే చోటు ఆ పర్మిట్ దగ్గరే.

ఇది ఊహించి చెప్తున్నది కాదు. 2019 ఆగస్టు 31న టెక్సాస్‌లోనే మిడ్‌ల్యాండ్, ఒడెస్సా ఊళ్ళ రోడ్ల మీద కారులో తిరుగుతూ ఏడుగుర్ని చంపినవాడు 2014లోనే షాపులో బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఫెయిల్ అయినవాడు, షాపు ఇవ్వనంది కాబట్టి తర్వాత ఒక ప్రైవేట్ మనిషి దగ్గర కొనుక్కున్నాడు. ఇంత జరిగాక ఏ ప్రభుత్వమైనా ముందు ప్రైవేట్ అమ్మకాల కంత పూడుస్తుంది. టెక్సాస్ అసెంబ్లీ రెండేళ్ళు తిరక్కుండా ఆ కంత అలాగే ఉంచి, మిగిలిన ఆ ఒక్క పర్మిట్ కూడా తీసేసింది. డాలస్ పోలీస్ చీఫ్‌తో సహా పోలీసు అధికారులు ప్రెస్ మీట్ పెట్టి వద్దు బాబూ అన్నా వినలేదు.

అవతలివాళ్ళ మాట కూడా చెప్పాలి. దొంగ ఎలాగూ పర్మిట్ అడగడు, మంచివాడి చేతులు ఎందుకు కట్టేస్తారు అంటారు, దానికి 2019 డిసెంబర్‌లో టెక్సాస్‌లోని వైట్ సెటిల్‌మెంట్ అనే ఊరి చర్చిలో జరిగింది చూపిస్తారు. అక్కడ ఒకడు తుపాకీ తీసి ఇద్దర్ని చంపితే చర్చి వాలంటీర్ ఒకాయన ఆరు సెకన్లలో వాణ్ణి కూల్చేశాడు. నిజమే, ఆయన లేకపోతే ఇంకా చాలామంది పోయేవాళ్ళు. కానీ ఆయన ఎవరు? తుపాకీ కాల్చడం నేర్పే ఇన్‌స్ట్రక్టర్, అంతకుముందు రిజర్వ్ డిప్యూటీగా చేసిన మనిషి. అంటే ట్రైనింగ్ ఎందుకు కావాలో ఆయనే సాక్ష్యం, మరి ట్రైనింగ్ అక్కర్లేదనే చట్టానికి ఆయన్ని ఎలా సాక్షిగా పిలుస్తారు? ఇక చేతిలో గన్ ఉంటే చాలు ధైర్యం అదే వస్తుందనే వాళ్ళు 2022లో టెక్సాస్‌లోనే ఉవాల్డీ స్కూల్లో జరిగిన కాల్పులు గుర్తు చేసుకోవాలి, 376 మంది ఆయుధాలున్న అధికారులు వచ్చి 77 నిమిషాలు ఆగిపోయారు, 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు.

దొంగ పర్మిట్ అడగడు అనేదానికి ఇంకో జవాబు ఉంది. పాత చట్టంలో నడుముకి గన్ కనపడితే పోలీసు ఆపి లైసెన్స్ చూపించు అనగలిగేవాడు, లేకపోతే అక్కడే కేసు. ఇప్పుడు కనపడటం ఒక్కటే అనుమానానికి కారణం కాదు, వాడు తీసి గురిపెట్టే దాకా చట్టం దృష్టిలో హక్కు వాడుకుంటున్న పౌరుడే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా, నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఇదే. అర్ధరాత్రి డాలస్ పక్కన ఏదో హైవే మీద గ్యాస్ స్టేషన్ అనుకోండి. కౌంటర్‌కి ఇవతల వచ్చే కస్టమర్ 21 దాటిన వాడైతే పర్మిట్ లేకుండా గన్‌తో లోపలికి రావచ్చు. వద్దనుకుంటే షాపు ఓనరే తలుపు మీద 30.05, 30.06, 30.07 అని మూడు రకాల బోర్డులు పెట్టుకోవాలి, లైసెన్స్ లేనివాళ్ళకి ఒకటి, తప్పనిసరి కాకపోయినా లైసెన్స్ తీసుకున్నవాళ్ళు దాచుకుని తేకుండా ఒకటి, బయటికి కనపడేలా తేకుండా ఒకటి, చట్టం చెప్పిన మాటలతో, ఇంగ్లిష్‌లోనూ స్పానిష్‌లోనూ, అంగుళం తగ్గని అక్షరాలతో. తలుపు మొత్తం అక్షరాలే అవుతాయి. గిరాకీ పోతుందని పెట్టని ఓనర్లూ ఉంటారు. మరి కౌంటర్ వెనకాల ఉన్న మన కుర్రాడు? ఎఫ్1 వీసా. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు, అంటే స్టూడెంట్లు, హెచ్1బి వాళ్ళు కూడా, తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకుంటే ఫెడరల్ నేరం, హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. ఓనర్ క్యాష్ డ్రాయర్ కింద గన్ పెట్టి ఉంచినా సరే, ఇతను తీసి దగ్గర పెట్టుకుంటే నేరమే, చదువూ వీసా రెండూ పోతాయి. పైగా క్యాంపస్ బయట ఆ పార్ట్ టైమ్ చాలామందికి పర్మిషన్ లేని పనే కాబట్టి ఎవడైనా బెదిరించినా పోలీసులకి ఫోన్ చేయడానికి కూడా భయమే.

వీసా వాళ్ళకి కూడా గన్ ఇవ్వండి అని నేను అడగట్లేదు, దయచేసి అలా చదవొద్దు. పౌరులందరి ఆత్మరక్షణ అంటూ గొప్పగా చెప్పే చట్టం నిజానికి కౌంటర్‌కి ఒక వైపునే బలపరిచింది, ఎదుటివాళ్ళని గాలికొదిలేసింది అంటున్నా. 2025 అక్టోబర్‌లో డాలస్ ఏరియాలో గ్యాస్ స్టేషన్‌లో పని చేసుకుంటున్న హైదరాబాద్ కుర్రాణ్ణి కాల్చి చంపారు. 2018లో కాన్సస్ సిటీ రెస్టారెంట్‌లో వరంగల్ స్టూడెంట్ పోయాడు. 2023 మే నెలలో అలెన్ మాల్‌లో ఎనిమిది మంది పోతే అందులో హైదరాబాద్ నుంచి వెళ్ళిన ఇంజినీర్ అమ్మాయి ఉంది. ఈ ప్రతి చావూ పర్మిట్ ఉంటే ఆగేదని నేను అనను, అలెన్‌లో కాల్చినవాడి తుపాకులు చట్టప్రకారం కొన్నవే. కానీ గన్ కొనడం, మోయడం ఇంత తేలిక చేసిన చోటే మన పిల్లలు రాత్రి షిఫ్టులు చేస్తున్నారన్నది మాత్రం ఎవరూ కాదనలేరు.

హక్కు హక్కు అని అరిచేవాళ్ళు అందరి హక్కుకీ ఎప్పుడూ నిలబడలేదు కూడా. 1967లో కాలిఫోర్నియాలో బ్లాక్ పాంథర్స్ అనే నల్లజాతి హక్కుల సంఘం వాళ్ళు తుపాకులు పట్టుకుని అసెంబ్లీ మెట్లెక్కగానే గవర్నర్ రీగన్ లోడ్ చేసిన గన్‌తో బయట తిరగడాన్ని నిషేధించే చట్టం మీద సంతకం పెట్టాడు, తుపాకీ హక్కుల సంఘం ఎన్ఆర్ఏ దాన్ని సమర్థించింది. 2016లో మిన్నెసోటాలో లైసెన్స్ ఉన్న ఒక నల్లజాతి యువకుడు కారు ఆపిన పోలీసుకి నా దగ్గర గన్ ఉంది సార్ అని మర్యాదగా చెప్పాడు, క్షణాల్లో ఏడు తూటాలు పేల్చాడు ఆ పోలీసు. మీసాలు మెలేసే ఎన్ఆర్ఏ అప్పుడు గొంతు సవరించుకోవడానికే రోజులు తీసుకుంది.

మరి మనమేం చేస్తున్నాం? డాలస్ చుట్టూ ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనోలో ఓటు హక్కున్న తెలుగువాళ్ళు తక్కువేం కాదు. ఎలక్షన్ వస్తే ఇంటికి పిలిచి ఫండ్ రైజింగ్ డిన్నర్లు పెడతాం, ఫొటోలు దిగుతాం, వీసా బ్యాక్‌లాగ్ గురించి అడుగుతాం, టాక్సుల గురించి అడుగుతాం. పిల్లాడు పోతే రాత్రికి రాత్రే విరాళాలు పోగేసి బాడీని శంషాబాద్ పంపిస్తాం, ఈ పని మన సంఘాలు ఎంత కష్టపడి చేస్తాయో నాకు తెలుసు, చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ అదే డిన్నర్ టేబుల్ దగ్గర ప్రైవేట్ అమ్మకాలకి చెకింగ్ ఎందుకు పెట్టవు అని ఆ అభ్యర్థిని అడగడానికి మనకి మొహమాటం. గుజరాతీ మోటెల్ ఓనర్లు తమ వ్యాపారం కోసం వాషింగ్టన్ దాకా వెళ్ళి మాట్లాడతారు, మనం పిల్లల ప్రాణాల కోసం టెక్సాస్ రాజధాని ఆస్టిన్ దాకా కూడా వెళ్ళం.

టెక్సాస్‌లో కాదు న్యూజెర్సీలో ఉన్నాం, మాకేం అనుకునేవాళ్ళు కూడా వినాలి. ఒక రాష్ట్రంలో గన్ మోయగలిగినవాడు దాచుకుని ఏ రాష్ట్రానికైనా తీసుకెళ్ళొచ్చనే బిల్లు 2017 డిసెంబర్‌లో హౌస్‌లో 231-198తో పాసైంది, సెనేట్‌లో ఆగింది కాబట్టి సరిపోయింది. 2025లో మళ్ళీ తెచ్చారు. అది చట్టమైతే ఎడిసన్‌లో, జెర్సీ సిటీలో మీ రాష్ట్రం పెట్టిన పర్మిట్ రూలు టెక్సాస్ నుంచి వచ్చినవాడికి వర్తించదు.

టెక్సాస్ అసెంబ్లీ మామూలుగా రెండేళ్ళకోసారి, 140 రోజులే కూర్చుంటుంది, తర్వాతిది 2027 జనవరిలో. ఈలోపు మీ ఇంటికి భోజనానికి వచ్చే ప్రతి అభ్యర్థినీ రెండే అడగండి: ప్రైవేట్ అమ్మకానికి చెకింగ్ పెడతావా, పర్మిట్ క్లాసు వెనక్కి తెస్తావా. సమాధానం వచ్చాకే చెక్కు రాయండి.