ఫ్రిజ్ హ్యాండిల్ మీద నా చెయ్యి

మా అబ్బాయికి ఏడాదిన్నర ఉన్నప్పుడు పెరుగు కావాలంటే నోటితో అడిగేవాడు కాదు. వచ్చి నా మణికట్టు పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్ళి, నా చేతిని హ్యాండిల్ మీద పెట్టేవాడు. తలుపు తెరుచుకోగానే వదిలేసేవాడు. అంతసేపూ నా మొహం వైపు ఒక్కసారి కూడా చూసేవాడు కాదు. "చూశావా అమ్మాయ్, వీడికి అన్నీ తెలుసు, నోరు తెరవడమే ఆలస్యం" అని మా అత్తయ్య మురిసిపోయేవారు. నేనూ మురిసిపోయాను.

ఆ నెలలోనే 18 నెలల చెకప్ వచ్చింది. వెయిటింగ్ రూములో చేతికి ఒక కాగితం ఇచ్చారు. 20 ప్రశ్నలు, ప్రతిదానికీ అవును లేదా కాదు. దాని పేరు ఎం-చాట్ అనీ, పిల్లల్లో ఆటిజం లక్షణాలు ఉన్నాయేమో చూసే ఫారం అనీ నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. ఏదైనా కావాలంటే పిల్లాడు ఒక వేలితో చూపిస్తాడా అని అందులో ఒక ప్రశ్న. నాకు ఫ్రిజ్ గుర్తొచ్చింది, 'అవును' అని టిక్ పెట్టాను. ఆకాశంలో విమానమో, రోడ్డు మీద పెద్ద ట్రక్కో కనిపిస్తే మీకు చూపించడానికి వేలు పెడతాడా అని ఆ తర్వాతి ప్రశ్న. దానికీ అవునే. పేరు పెట్టి పిలిస్తే పలుకుతాడా? రైమ్స్ పెడితే పరిగెత్తుకొస్తాడు కదా, అవును. చెయ్యి పట్టుకుని లాగడం వేరు, వేలితో చూపించడం వేరు అని అక్కడ నాకెవరూ చెప్పలేదు. కావాల్సింది అడగడానికి వేలు చాపడం ఒకటి, తాను చూసింది అమ్మ కూడా చూడాలని వేలు చాపడం ఇంకొకటి అనీ చెప్పలేదు. ఐదు నిమిషాల్లో నింపి ఇచ్చేశాను. అంతా బాగుందన్నారు.

మా వాడికి ఆటిజం అని తేలింది నాలుగేళ్ళ రెండు నెలలకు.

ఇది మా ఒక్కరి కథ అయితే పత్రికలో రాసేదాన్ని కాదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్కల ప్రకారం 2022లో ఇక్కడ తాము పరిశీలించిన ప్రాంతాల్లోని ఎనిమిదేళ్ళ పిల్లల్లో ప్రతి 31 మందిలో ఒకరికి ఆటిజం గుర్తించారు. ఆసియా కుటుంబాల పిల్లల్లో ఆ సంఖ్య తెల్లవాళ్ళ పిల్లల్లో కంటే ఎక్కువే. తొలిసారి నిర్ధారణ అయ్యే వయసు సగటున 47 నెలలు. 18 నెలల వయసులో ఒకసారి, 24 నెలల వయసులో ఇంకోసారి ప్రతి బిడ్డకూ ఆటిజం పరీక్ష చేయాలని పిల్లల డాక్టర్ల సంఘమే చెప్పే దేశంలో ఈ పరిస్థితి. మధ్యలో పోయిన ఆ రెండేళ్ళు ఎక్కడ పోతున్నాయి? కొంత డాక్టర్ అపాయింట్‌మెంట్ల దగ్గర. మేము నిపుణుల కోసం పదకొండు నెలలు వెయిటింగ్ లిస్టులో ఉన్నాం. కొంత మాత్రం మన ఇళ్ళలోనే పోతోంది.

"వాళ్ళ నాన్నకీ మూడేళ్ళకి గానీ మాటలు రాలేదు." "మగపిల్లలకు లేటే." "ఇంట్లో ఇద్దరే ఉంటారు కదా, పాపం ఎవరితో మాట్లాడతాడు." ఈ మాటలన్నీ ప్రేమతో అన్నవే. విన్నప్పుడు గుండె తేలికపడుతుంది, అందుకే వాటిని పట్టుకుని వేలాడతాం. రెండో పుట్టినరోజు దాటింది, మూడోది కూడా దాటింది.

ఆ మూడో పుట్టినరోజు విలువ నాకు తెలియలేదు. ఎదుగుదలలో వెనకబడిన మూడేళ్ళ లోపు పిల్లలకు సాయం చేయడానికి ఎర్లీ ఇంటర్వెన్షన్ అని ప్రతి రాష్ట్రంలోనూ ఒక సర్వీసు ఉంటుంది. టెక్సస్‌లో ఈసీఐ అంటారు, కాలిఫోర్నియాలో ఎర్లీ స్టార్ట్. డాక్టర్ చీటీ అక్కర్లేదు, ఆటిజం అని ఎవరూ నిర్ధారించి ఉండనక్కర్లేదు. తల్లిదండ్రులే నేరుగా ఫోన్ చేయొచ్చు. బిడ్డను చూడటానికి డబ్బు తీసుకోరు. ఫోన్ చేసిన 45 రోజుల్లోపు చూసి, అర్హత ఉంటే బిడ్డకు ఏ సాయం ఇవ్వాలో ప్లాన్ రాయడానికి మీతో కూర్చోవాలని ఫెడరల్ చట్టం చెబుతోంది. మూడేళ్ళు దాటితే బాధ్యత మీ స్కూల్ డిస్ట్రిక్ట్‌ది. పిల్లాడు బడిలో చేరకపోయినా సరే, పరీక్ష చేయమని రాతపూర్వకంగా అడగండి. ఆ ఈమెయిల్ తేదీ దాచుకోండి.

"ఫైల్లో ఆటిజం అని పడితే గ్రీన్ కార్డుకి ఇబ్బంది" అన్న టెన్షన్‌తో ఆగిపోయిన కుటుంబాలు నాకు తెలుసు. బడి ఇచ్చే స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లాడి హక్కు, అమ్మానాన్నలది ఏ వీసా అన్నదానితో దానికి సంబంధం లేదు. మిగతా సందేహాలు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి, వాట్సాప్ గ్రూపుని అడగకండి. ఇన్సూరెన్స్ విషయం కూడా ఒకటి చెప్పాలి. ఆటిజం థెరపీకి కవరేజి ఇవ్వాలని 50 రాష్ట్రాల్లోనూ ఏదో ఒక నియమం ఉంది, కానీ కంపెనీ తన డబ్బుతో నడిపే సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్లకు ఆ రాష్ట్ర నియమాలు వర్తించవు. మీది ఏ రకం ప్లానో, ఏటా ప్లాన్ ఎంచుకునే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్‌కి ముందే హెచ్‌ఆర్‌ని అడగండి.

ఇప్పుడు, నేను ఇప్పటికీ తట్టుకోలేని విషయం. మొదట్లో ఒక థెరపిస్టు "ఇంట్లో ఒకే భాష మాట్లాడండి, ఇంగ్లీష్ చాలు" అన్నారు. మేము తెలుగు మానేశాం. మా అత్తయ్యకు ఇంగ్లీష్ రాదు. వాడికి బువ్వ పెడుతూ చందమామ రావే పాడే మనిషి, వాడి పక్కన నోరు కట్టేసుకుని కూర్చునేవారు. మాట్లాడితే మనవడికి నష్టం చేస్తున్నానేమో అని ఆవిడ భయం. అలా ఏడాదిన్నర గడిచింది. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట వెనకబడదని పరిశోధనలు చెబుతూనే ఉన్నాయని మాకు తర్వాత తెలిసింది. తెలుగు వదిలేయమని ఎవరైనా చెబితే దయచేసి ఇంకొకరిని అడగండి. పరీక్ష కూడా పిల్లాడి ఇంటి భాషలో చేయమని అడిగే హక్కు మీకుంది, ఇంటర్‌ప్రెటర్‌కి మీరు డబ్బు కట్టనక్కర్లేదు. అమ్మమ్మనో నానమ్మనో కూడా ఆ గదిలోకి తీసుకెళ్ళండి. పగలంతా బిడ్డను చూసేది వాళ్ళే.

కొందరు పిల్లాణ్ణి ఏడాది పాటు ఇండియాలో పెద్దవాళ్ళ దగ్గర ఉంచుతున్నారు. తప్పనను. కానీ ఇక్కడి అపాయింట్‌మెంట్ క్యూలో పేరు తీసేయకండి, అక్కడా ఖాళీగా కూర్చోబెట్టకండి. సికింద్రాబాద్ బోయినపల్లిలో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం 1984 నుంచి నడుస్తున్న జాతీయ సంస్థ ఉంది, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు. అక్కడి 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఒక వైకల్యంగా చేరింది. ఊళ్ళో పుట్టిన మన అన్నదమ్ముల పిల్లలకైతే అంగన్‌వాడీ నుంచే ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పథకం కింద ఆరోగ్య పరీక్షలున్నాయి. ఆ పేర్లు మీ వాళ్ళకి ఫోన్‌లో చెప్పండి.

మన తెలుగు అసోసియేషన్‌కి నా విన్నపం పెద్దదేం కాదు. ఉత్సవాల్లో స్పీకర్ల హోరుకి చెవులు మూసుకునే పిల్లల కోసం ఒక నిశ్శబ్దమైన గది పెట్టండి. మా వాణ్ణి ఎత్తుకుని నేను పార్కింగ్ లాట్‌లో ఎన్ని సంక్రాంతులు గడిపానో. ఈసారి ఉగాదికి రిజిస్ట్రేషన్ కౌంటర్ పక్కన ఒక టేబుల్ కూడా కావాలి. రోగ నిర్ధారణ చేయడానికి కాదు, అది డాక్టర్ల పని. ఆ 20 ప్రశ్నల్లో ఒక్కోటి ఏం అడుగుతోందో మన భాషలో విడమరిచి చెప్పడానికి, ఎవరికి ఫోన్ చేయాలో నంబరు చేతికివ్వడానికి. ఫారంలో అనుమానం కలిగించే జవాబులు మూడు నుంచి ఏడు దాకా వస్తే మళ్ళీ కూర్చోబెట్టి వివరంగా అడగాల్సిన రెండో దశ ఒకటి ఉందని, అది జరగకపోతే అడిగి చేయించుకోవాలని చెప్పడానికి.

ఒక టేబుల్, రెండు కుర్చీలు. ఒక దాంట్లో నేను పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుంటాను. రెండో దాంట్లో మా అత్తయ్య కూర్చుంటానన్నారు.