ప్రొటీన్ రూపం తెలిస్తే పని తెలిసినట్టేనా?

కోడిగుడ్డు తెల్లసొనలో లైసోజైమ్ అనే ప్రొటీన్ ఉంటుంది. బ్యాక్టీరియా చుట్టూ ఉండే గోడను తెగ్గొట్టడం దాని పని. పాలలో ఆల్ఫా లాక్టాల్బుమిన్ అని ఇంకొకటి ఉంటుంది. పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్ తయారవడానికి అది తోడ్పడుతుంది. ప్రొటీన్లు అమైనో ఆమ్లాలనే చిన్న అణువులు వరుసగా కలిసి ఏర్పడతాయి. మొదటిదాంట్లో అవి 129, రెండోదాంట్లో 123. ఆ వరుసల్లో దాదాపు 40 శాతం పోలిక కనిపిస్తుంది. త్రీడీ రూపాలైతే అచ్చం అన్నదమ్ములే. అయినా పాలలోని ప్రొటీన్‌కు బ్యాక్టీరియా గోడను కోయడం చేతకాదు. లైసోజైమ్‌లో 35వ స్థానంలో ఉండి ఆ కోతను నడిపించే గ్లుటామిక్ ఆమ్లం దానికి లేదు.

పని తెలియని ప్రొటీన్లను కంప్యూటర్‌తో విశ్లేషించే ప్రతి విద్యార్థికీ ముందుగా ఈ జంటనే చూపించాలి. ఎందుకంటే ఆ రంగంలో ఎక్కువ పద్ధతులు ఒకే నమ్మకం మీద నిలబడ్డాయి: పోలిక ఉంటే పనీ ఒకటే అయి ఉంటుంది. 1990లో వచ్చిన బ్లాస్ట్ ప్రోగ్రామ్ అమైనో ఆమ్లాల వరుసలో పోలిక వెతికింది. నేటి ఏఐ మోడళ్లు కోట్ల వరుసలు చదివి, కంటికి అందని పోలికలను కూడా పసిగడుతున్నాయి. చాలాసార్లు ఈ నమ్మకం నిజమవుతుంది, కాదనను. అది తప్పిన చోట ఏం జరుగుతోందన్నదే నా ఆందోళన.

యూనిప్రోట్ డేటాబేస్‌లో 2022 నాటికే 20 కోట్లకు పైగా ప్రొటీన్ వరుసలు చేరాయి. నిపుణులు స్వయంగా పరిశీలించినవి వాటిలో ఆరు లక్షలు కూడా లేవు. మిగతావాటికి పనిని సూచించే పేర్లు పెట్టింది సాఫ్ట్‌వేరే. ఒక ప్రొటీన్‌కు తప్పు పేరు పడితే దాన్ని పోలిన ఇంకోదానికి అదే పేరు అంటుకుంటుంది, దాన్ని చూసి మరోదానికి. 2009లో 37 ఎంజైమ్ కుటుంబాలను పరిశీలించిన ఒక అధ్యయనంలో, నిపుణులు సరిచూసిన స్విస్‌ప్రోట్ అనే డేటాబేస్‌లో తప్పులు దాదాపు లేవు. పెద్ద డేటాబేస్‌లలో మాత్రం కొన్ని కుటుంబాల్లో 80 శాతానికి పైగా పేర్లు తప్పని తేలింది.

2022లో, ప్రొటీన్ల రూపాన్ని అంచనా వేసే ఏఐ ప్రోగ్రామ్ ఆల్ఫాఫోల్డ్ 20 కోట్లకు పైగా ప్రొటీన్ల రూపాలను అందరికీ అందుబాటులో పెట్టింది. 2024లో దాని వెనకున్న శాస్త్రవేత్తలు హసాబిస్, జంపర్‌లకు నోబెల్ వచ్చింది. ఆ గౌరవానికి వాళ్లు అర్హులే. కానీ ప్రొటీన్ల రహస్యం వీడిపోయిందన్న ప్రచారం మాత్రం అతి. ప్రొటీన్ల తయారీకి సూచనలు ఉండేది జన్యువుల్లో. 2016లో అమెరికా శాస్త్రవేత్త క్రెయిగ్ వెంటర్ బృందం బతకడానికి అవసరమైన జన్యువులనే దాదాపుగా మిగిల్చి ఒక కృత్రిమ బ్యాక్టీరియాను తయారుచేసింది. ఉన్నవి 473 జన్యువులు. వాటిలో 149 ఏం చేస్తాయో అప్పటికి ఎవరికీ తెలియదు. అంత చిన్న జీవిలోనే ఆ పరిస్థితి.

పోలిక మీద ఆధారపడని దారులూ ఉన్నాయి. బ్యాక్టీరియాలో ఒకే పనికి కావలసిన జన్యువులు తరచూ పక్కపక్కనే ఉంటాయి. ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని తయారుచేసే ఐదు జన్యువులు ఒకే వరుసలో ఉండి, ఒకేసారి పనిలోకి దిగుతాయి. అలాంటి వరుస మధ్యలో అనామక జన్యువు కనిపిస్తే, ఇరుగుపొరుగును బట్టి దాని పని ఊహించవచ్చు. ఈ ఆధారం నాకు ఎక్కువ నచ్చుతుంది, పరీక్షించదగిన ప్రశ్నను అది నేరుగా చేతికిస్తుంది కనుక.

కాఫా అనే అంతర్జాతీయ పోటీ కూడా అంచనాలను ఇలా పరీక్షకు పెట్టేదే. పని తేలని ప్రొటీన్లను ప్రకటిస్తారు, బృందాలు అంచనాలు సమర్పిస్తాయి. ఆపైన నెలల తరబడి ఆగుతారు. ఈలోగా ప్రయోగశాలల్లో తేలిన నిజాలతో ఆ అంచనాలకు మార్కులు వేస్తారు. మూడో విడతలో నిర్వాహకులు కొన్ని ప్రయోగాలు తామే చేయించారు. పండ్ల ఈగల దీర్ఘకాల జ్ఞాపకశక్తితో సంబంధమున్న కొత్త జన్యువులు అలా బయటపడ్డాయి.

మన దగ్గర జరగాల్సింది కూడా ఇదే. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు భారత్‌లోనే ఉన్నారు. ఆ బ్యాక్టీరియా జన్యుపటం 1998లోనే వచ్చినా, దానిలోని సుమారు 4,000 జన్యువుల్లో చాలావాటి పని ఇంకా తేలలేదు. పని తెలియని ప్రొటీన్ మీద మందు గురిపెట్టడం కష్టం. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థలైన సీసీఎంబీ, సీడీఎఫ్‌డీల్లో కంప్యూటర్ విశ్లేషణా ఉంది, ప్రయోగశాలా ఉంది. ఇలా కంప్యూటర్‌తో జీవశాస్త్రం చదివే బయోఇన్ఫర్మాటిక్స్ విద్యార్థుల ప్రాజెక్టులను అలాంటి ప్రయోగశాలలతో కలపాలి. వాళ్ల అంచనాల్లో బలమైన కొన్నింటికైనా, ఆ జన్యువును తొలగించి చూసే ప్రయోగానికి నిధులివ్వాలి. అప్పటిదాకా ఆ ప్రొటీన్‌కు పెట్టిన పేరు పక్కన ‘కంప్యూటర్ అంచనా మాత్రమే’ అని థీసిస్‌లోనూ, పేపర్‌లోనూ స్పష్టంగా రాయించాలి.