ఆంత్రోపాలజీ దండగ స్కిల్ కాదు
రచయిత లవ్‌క్రాఫ్ట్ భయానక కథల ఆధారంగా, పాత్రలు పోషిస్తూ డైస్ వేసి ఆడే 'కాల్ ఆఫ్ కతుల్హు' ఆటలో ఆంత్రోపాలజీ (మనుషుల ఆచారాలు, సమాజాల అధ్యయనం) అనే స్కిల్‌కు పాయింట్లు పెట్టడం వృథా, లైబ్రరీ యూజ్ (పుస్తకాల్లో వెతకడం), ఆకల్ట్ (క్షుద్రవిద్యల జ్ఞానం) ఉంటే సరిపోతుందని ఒక వ్యాసంలో అన్నారు. నేను ఒప్పుకోను. ఆట ఏడో ఎడిషన్‌లో ఆంత్రోపాలజీ 1 శాతం దగ్గర మొదలవుతుంది, లైబ్రరీ యూజ్‌కు 20 ఊరికే వస్తుంది, అందుకే చాలామంది దీని జోలికి పోరు. కానీ పుస్తకం దొరకని చోట ఏం చేస్తారు? మా ఆటలో అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ తీరంలో ఒక చావు ఇంటికి వెళ్లాం. ఆంత్రోపాలజీ 55 ఉన్న అమ్మాయి డైస్ వేసింది, 31 పడింది, 55 దాటలేదు కాబట్టి నెగ్గింది. భోజనాల బల్ల దగ్గర ఒక కుర్చీ ఎక్కువ ఉందని, అది సముద్రం వైపు తిప్పి ఉందని, దాని ముందు వడ్డించిన పళ్లెం ఎవరూ ముట్టుకోవట్లేదని కీపర్ (ఆట నడిపేవాడు) చెప్పాడు. వీళ్లు పోయినవాడి కోసం ఏడవట్లేదు, వచ్చేవాడి కోసం చూస్తున్నారు అని ఆ అమ్మాయి అనగానే టేబుల్ దగ్గర అందరం బిగుసుకుపోయాం. రాక్షసుడు ఇంకా రానే లేదు, అయినా అంత టెన్షన్! పైగా ఆట ఎక్కువగా జరిగే 1920లకు ఆంత్రోపాలజిస్ట్ పాత్ర చక్కగా అతుకుతుంది. అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీలో ఆంత్రోపాలజిస్ట్ ఫ్రాంజ్ బోయాస్ పాఠాలు చెబుతున్న కాలం అది, ఆయన శిష్యురాలు మార్గరెట్ మీడ్ అక్కడి జనం జీవితాన్ని అధ్యయనం చేయడానికి 1925లో పసిఫిక్ దీవులైన సమోవా వెళ్లింది. జాతుల్లో ఎక్కువ తక్కువలు లేవని బోయాస్ వాదించాడు. లవ్‌క్రాఫ్ట్ కథల్లో పరాయి జనమంటేనే భయం కదా, ఆ జనాన్ని మనుషులుగా చూసి అర్థం చేసుకునే దారి ఆటగాడికి ఈ స్కిల్‌తోనే దొరుకుతుంది.