దొంగచాటుగా తిన్న జంతిక

రాత్రి తొమ్మిదిన్నరకి మా అమ్మాయి జంతికలు తింటూ దొరికిపోయింది. వంటింట్లో లైటు వెయ్యలేదు. స్టీలు డబ్బా మూత చప్పుడు చెయ్యకుండా నైట్ డ్రెస్ అంచుతో పట్టుకుని తీసింది. వేరే తండ్రి అయితే కోప్పడేవాడు. నేను బాధ్యత తెలిసిన తండ్రిని కాబట్టి, "ఇప్పుడు నువ్వు జంతికలు ఎలా తింటున్నావమ్మా?" అని అడిగాను.

నోట్లోది మింగి, "ఫర్టివ్‌లీ" అంది.

"దొంగచాటుగా అన్నమాట. ఇంకోటి?"

"సరెప్టీషస్‌లీ."

"క్లాండెస్టైన్‌లీ తినొచ్చా?" అని మెలిక పెట్టాను.

కాసేపు ఆలోచించింది. "అది కుట్రలకీ మీటింగులకీ నాన్నా, జంతికలకి కాదు."

నాకు కళ్ళు చెమర్చాయి. ఇంకో రెండు జంతికలు చేతిలో పెట్టాను.

మేముండేది ఇంగ్లండులో, బకింగ్‌హమ్‌షైర్‌లో. 1944 విద్యాచట్టం తర్వాత ఈ దేశంలో పదకొండేళ్ళకే పిల్లల్ని జల్లెడ పట్టి, పైన మిగిలినవాళ్ళని గ్రామర్ స్కూళ్ళకి పంపేవారు. 1965 నుంచి చాలా జిల్లాలు ఆ జల్లెడని అటకెక్కించాయి. 1998లో కొత్త గ్రామర్ స్కూళ్ళు పెట్టకూడదని చట్టమే వచ్చింది. దేశం మొత్తమ్మీద 163 మిగిలాయి. మా కౌంటీ మాత్రం పట్టు వదల్లేదు, అందుకే మేమూ ఈ కౌంటీని వదల్లేదు. ఆరో తరగతిలో అడుగుపెట్టిన సెప్టెంబరులోనే పరీక్ష. పేరు లెవెన్ ప్లస్, రాసే పిల్లలకి చాలామందికి పదేళ్ళే. స్కోరు 121 వస్తే గ్రామర్ స్కూలుకి అర్హత. 120 వస్తే బంధువుల ఫోన్లు ఎత్తకూడదు.

గ్రామర్ స్కూలు ప్రభుత్వానిది, ఫీజు లేదు. ఆ ఉచిత చదువు కోసం ట్యూషన్‌కి గంటకి 40 పౌండ్లు కడుతున్నాను.

ట్యూషన్ మాస్టారు మొదటి రోజే తేల్చేశారు. లెక్కలు మీవాళ్ళకి ఎలాగూ వస్తాయి, దెబ్బ తినేది అడ్వర్బుల దగ్గరే, అంటే పని ఎలా జరిగిందో చెప్పే మాటల దగ్గరేనన్నారు. నాకు చురుక్కుమంది, కానీ అది నిజం. నేను పద్దెనిమిదేళ్ళుగా ఈ దేశంలో ఐటీ ఉద్యోగాన్ని రెండే రెండు అడ్వర్బులతో నెట్టుకొచ్చాను: బేసికల్లీ, యాక్చువల్లీ. వీసా, పౌరసత్వం, ఇంటి లోను అన్నీ వాటితోనే వచ్చాయి. నా కూతురికి ఆ గతి పట్టకూడదు. ఇప్పుడు మా ఫ్రిజ్ తలుపు కనిపించదు, అంతా కార్డులే. పాలు తియ్యాలంటే ముందు మెటిక్యులస్‌లీని పక్కకి జరపాలి.

కొందరు అమాయకులు, "ఇన్ని మాటలు పిల్ల ఎప్పుడు వాడుతుంది?" అని అడుగుతారు. వాడమని ఎవరన్నారు? పరీక్షలో రాయక్కర్లేదు, పలకక్కర్లేదు. సరైన గడిలో పెన్సిల్‌తో గీత గీస్తే చాలు. మాటని ఇంత మర్యాదగా, తాకకుండా, దూరం నుంచి గౌరవించే పద్ధతి ఇంకెక్కడుంది?

పక్కింటి పెద్దాయన ఇక్కడే పుట్టి పెరిగిన ఇంగ్లీషాయన. డెబ్బై దాటాయి. ఆయనకున్న అడ్వర్బు ఒక్కటే, ప్రాపర్. చలేస్తే ప్రాపర్ కోల్డ్, అలిసిపోతే ప్రాపర్ టైర్డ్. తనూ చిన్నప్పుడు ఈ పరీక్ష రాశాడట, తప్పాడట. తర్వాత నలభై ఏళ్ళు బస్సు నడిపాడు. పొద్దున పూట ఎక్కేది ఎక్కువగా గ్రామర్ స్కూలు పిల్లలేనట. అడ్వర్బులు అశ్రద్ధ చేస్తే ఏమవుతుందో చూపించడానికి పిల్లని ఓ ఆదివారం ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చెట్టు యాపిల్ పళ్ళు కోసిచ్చాడు. పిల్ల ఆయనకి జంతికలిచ్చింది. ఇద్దరూ గంటసేపు నవ్వుకున్నారు. పాఠం మాత్రం సరిగ్గా అందలేదు.

ఇక్కడి బళ్ళలో నాలుగో తరగతికే 'ఫ్రంటెడ్ అడ్వర్బియల్' అని ఒకటి నేర్పిస్తారు, అంటే ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నది వాక్యం మొదట్లోనే పెట్టడం. 2014లో మారిన సిలబస్ చలవ. లాక్‌డౌన్‌లో ఇంట్లో పాఠాలు చెప్పాల్సొచ్చిన తల్లిదండ్రులు ఆ పేరు వింటేనే బెంబేలెత్తిపోయారు. నాకు మాత్రం నవ్వొచ్చింది. 'నిన్న పొద్దున్నే, బస్టాండు దగ్గర, వానలో తడుస్తూ, గబగబా...' అని మనం మొదలెడితే క్రియ వచ్చేసరికి బస్సు వెళ్ళిపోతుంది. ఒక్కోసారి క్రియ అసలు రాదు కూడా.

మాస్టారి సలహా మీద సెప్టెంబరు దాకా ఇంట్లో తెలుగు బంద్ చేశాను. అమ్మ తెనాలి నుంచి వీడియో కాల్ చేసినప్పుడే ఇబ్బంది.

"ఏమే, అలా ఈసురోమంటూ కూర్చున్నావు? మొక్కుబడిగా చదివితే వంటబడుతుందా? ముక్కుతూ మూలుగుతూ చేసే పని ఏదైనా అంతే" అంది అమ్మ. ఒక్క గుక్కలో మూడు.

పిల్ల అయోమయంగా నా వైపు చూసింది. "నాన్నా, ఆప్షన్స్ ఏంటి?"

నేను కార్డులు తీసుకున్నాను. ఈసురోమంటూ అంటే లిస్ట్‌లెస్‌లీ. మొక్కుబడిగా అంటే పర్‌ఫంక్టరీలీ. ముక్కుతూ మూలుగుతూకి బిగ్రజింగ్‌లీ అని రాసి కొట్టేశాను, మూలుగు వినబడట్లేదు. ఈలోపు అమ్మ, "వాడేంటే రాసుకుంటున్నాడు, నేనేమైనా వీలునామా చెబుతున్నానా?" అని ఫోన్ పెట్టేసింది.

నిన్న రాత్రి ఒక స్నేహితుడు ఫోటో పంపాడు. వాళ్ళబ్బాయి కిందటేడాది పరీక్ష నెగ్గి గ్రామర్ స్కూల్లో చేరాడు. అక్కడ రాసిన మొదటి వ్యాసంలో ఇంగ్లీషు టీచరు అడ్వర్బులన్నిటికీ ఎర్ర సున్నాలు చుట్టింది. నేను లెక్కపెట్టాను, ఇరవై మూడు. కింద ఆవిడ రాసిందేమిటంటే, ఇవన్నీ తీసెయ్యి, మంచి క్రియ ఒకటి వెతుక్కో.

రెండుసార్లు చదివి ఫోటో డిలీట్ చేశాను.

"ఏంటండీ, అంత కంగారుగా తీసేస్తున్నారు?" అంది మా ఆవిడ.

వంటింట్లోంచి, చీకట్లోంచి, డబ్బా మూత పక్క నుంచి పిల్ల అందుకుంది. "కంగారుగా కాదమ్మా. సరెప్టీషస్‌లీ."